తాళాల గుత్తి ఎవరి చేతిలో ఉండాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరుసలో కింద కూర్చున్న పిల్లలూ, మేమూ ఇట్లాగే కింద కూర్చొని, ఈ ఉపన్యాసాలు ఎప్పుడు అయిపోతాయా అని చూసినవాళ్ళమే. అందుకని పొడుగు చేయను.

సంఘం వాళ్ళు నన్ను పిలిచి, "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, వాటి గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఒక సారు ఫోన్ చేసి అడిగారు. "బడుల్లో పాత కంప్యూటర్లున్నాయి. బాగానే పనిచేస్తాయి. కానీ కొత్త విండోస్ వేయబోతే ఈ మిషన్‌కు అర్హత లేదు అంటోంది. పనిచేసే యంత్రాన్ని అర్హత లేదని పారేయాలా? మీ సంఘం కొత్తవి కొనిస్తుందా? లేక వేరే దారేమైనా ఉందా?" అని. నా ఉపన్యాసం దొరికింది అనుకున్నాను. ఈ ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పాలంటే కంప్యూటర్ లోపల ఎవరు ఎవరిని నమ్ముతున్నారు, ఎందుకు నమ్ముతున్నారు అన్నది చెప్పుకోవాలి.

మా రోజుల్లో బడి తాళాలన్నీ ఒకే గుత్తిగా ఉండేవి. తరగతి గదులు, సైన్సు ల్యాబు, ఆటల సామాన్ల గది, స్టాఫ్ రూములో బీరువా, అన్నిటి తాళం చెవులూ ఒకే ఇనుప రింగుకు. ఆ గుత్తి అటెండరు మొలకు వేలాడేది. ఒక వానాకాలం ఆయన పక్క ఊరికి పోయి, వాగు పొంగి అవతలే చిక్కుకుపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా బడంతా వేపచెట్టు కిందే. సుద్దముక్క లేదు, హాజరు పట్టీ లేదు, బంతి కూడా లేదు. ఎవరి తప్పూ లేదు. అన్ని తాళాలూ ఒకే గుత్తికి ఉండడం వల్ల ఒక వాగు పొంగితే ఆరు తరగతులు ఆగిపోయాయి. మాకు మాత్రం అది పండగే అనుకోండి.

కంప్యూటర్‌లో ఆ గుత్తి పట్టుకున్నవాడి పేరు కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది గుండెకాయ. మెమరీ, డిస్కు, కీబోర్డు, నెట్‌వర్కు, అన్నిటి తాళాలూ దాని దగ్గరే. మనం వాడే ప్రోగ్రాములు, అంటే లెక్కల పట్టీ, బ్రౌజరు, బొమ్మలు గీసేది, ఇవన్నీ విద్యార్థుల్లాంటివి. వాటి చేతిలో తాళాలుండవు. ఫైలు కావాలంటే కెర్నెల్‌ను అడగాలి. అది చూసి, సరే అనుకుంటే తీసిస్తుంది. ఈ కట్టుబాటును ప్రాసెసరు చిప్పే అమలు చేస్తుంది. అందువల్ల మామూలు ప్రోగ్రాము ఏదైనా తప్పు చేస్తే అదొక్కటే పడిపోతుంది, మిగతావి నడుస్తుంటాయి. అదే తప్పు కెర్నెల్ లోపల జరిగితే మిషన్ మొత్తం ఆగిపోతుంది. అంతటి అధికారం ఉన్నవాడికే మతి తప్పిందని తెలిశాక పని సాగనిస్తే ఫైళ్ళే పాడవుతాయి. అందుకే ఆపేస్తారు. విండోస్‌లో నీలం తెర వచ్చేది ఆ సందర్భంలోనే.

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో మీలో చాలామంది చూసి ఉంటారు. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి బాల్ పెన్నుతో పేరు, సీటు నంబరు రాసిచ్చారు. మన బడిలో టీసీ రాసిచ్చినట్టు. ఆ రోజు ప్రపంచమంతటా విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఆగాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు దెబ్బతిన్నాయి. ప్రపంచంలోని విండోస్ మిషన్లలో అవి నూటికి ఒకటి కూడా కావు. అయినా అవి కీలకమైన చోట్ల ఉన్నవి.

ఏమైంది? క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ వైరస్‌ల నుంచి కాపాడే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దొంగను పట్టాలంటే అన్ని గదులూ చూడాలి కాబట్టి, దాంట్లో ఒక భాగం డ్రైవర్ రూపంలో కెర్నెల్ లోపలే కూర్చుంటుంది. అంటే దాని చేతిలోనూ పూర్తి గుత్తి ఉంది. ఆ రోజు మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఆ సంస్థ ఒక చిన్న ఫైలు పంపింది. ఆ ఫైలులోని నియమాలు 21 గడులు చూడమన్నాయి. లోపలున్న ప్రోగ్రాముకు అందింది 20 గడులే. మార్కుల రిజిస్టరులో 20 కాలమ్‌లే ఉంటే, 21వ కాలమ్ చదువు అన్నట్టు. అది పేజీ దాటిపోయి, లేని చోట చదవబోయింది. కెర్నెల్ లోపల జరిగింది కాబట్టి మిషన్ పడిపోయింది. తిరిగి ఆన్ చేస్తే, ఆ డ్రైవర్ మొదట్లోనే మేలుకొనే రకం కాబట్టి మళ్ళీ అదే ఫైలు చదివి మళ్ళీ పడిపోయింది. 78 నిమిషాల్లో వాళ్ళు ఆ ఫైలును వెనక్కు తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన మిషన్లు చాలావరకు ఇంటర్నెట్ అందుకొనే దాకా లేవవు కదా. మనుషులు ఒక్కో మిషన్ దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

ఈ కథలో పిల్లలు గమనించాల్సింది ఒకటుంది. ఆ డ్రైవర్ దొంగది కాదు. పరీక్షలు పాసై, మైక్రోసాఫ్ట్ సంతకం పొందినదే. కానీ ఆ ఉదయం వచ్చిన చిన్న ఫైలు డ్రైవర్ కాదు, డ్రైవర్ చదివే చీటీ మాత్రమే. చీటీలకు ఆ పరీక్ష లేదు. ఒకటి, సంతకం ఎవరు పంపారో చెబుతుంది గానీ పంపింది సరైనదో కాదో చెప్పదు. రెండు, నమ్మకస్తుడే అయినా అతనికి అన్ని తాళాలూ ఇస్తే, అతని చిన్న పొరపాటు కూడా ఊరందరి పొరపాటవుతుంది. మొదటిది నమ్మకం సంగతి. రెండోది విభజన సంగతి. మా వృత్తిలో మొదటిదాన్ని ట్రస్టెడ్ కంప్యూటింగ్ అంటాం, రెండోదాన్ని మాడ్యులర్ డిజైన్ అంటాం. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

ముందు విభజన గురించి. 1992 జనవరిలో ఇద్దరు బహిరంగంగా వాదులాడుకున్నారు. ఒకరు ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసరు, ఆండ్రూ టానెన్‌బామ్. పాఠం చెప్పడం కోసం మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసినాయన. రెండోవాడు ఫిన్‌లాండ్‌లో ఇరవై రెండేళ్ళ విద్యార్థి, లైనస్ టోర్వాల్డ్స్. దాదాపు మా బ్యాచ్ వయసువాడే. అప్పుడే లైనక్స్ మొదలుపెట్టాడు. ప్రొఫెసరుగారు ఏమన్నారంటే, కెర్నెల్ చిన్నదిగా ఉండాలి, డిస్కు పని ఒకరికి, నెట్‌వర్కు పని ఒకరికి, ఎవరి గది తాళం వాళ్ళకే ఇవ్వాలి, అంతా ఒకేచోట పోసిన నీ లైనక్స్ కాలం చెల్లిన పద్ధతి అన్నారు. కుర్రవాడు, సిద్ధాంతంగా మీరు చెప్పిందే అందమైనది అని ఒప్పుకుంటూనే, నాది ఇప్పుడు పనిచేస్తోంది కదా అన్నాడు. గురువుకు ఎదురుచెప్పినా మర్యాద తప్పలేదని అనను గానీ, ఇద్దరూ తమ మాటకు కారణాలు చెప్పారు.

ఎవరు గెలిచారు? మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ లైనక్స్ కెర్నెల్ మీదే నడుస్తున్నాయి. అట్లా చూస్తే కుర్రవాడు గెలిచాడు. కానీ 2017లో బయటపడిన విషయం ఏమిటంటే, ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే చిప్పుల లోపల, మనకు కనపడని ఒక చిన్న మూలన, ప్రొఫెసరుగారి మినిక్స్ నడుస్తోంది. ఇద్దరూ గెలిచారనాలి.

గది వేరు, గది తాళం వేరు. ఈ రెండూ కలిపేస్తే మోసపోతాం. ఈనాటి లైనక్స్ కెర్నెల్ నాలుగు కోట్ల వరుసల దరిదాపుల్లో ఉంది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. అవన్నీ ఒకేసారి ఎక్కవు. ప్రింటరు తగిలిస్తే దానికి కావాల్సిన మాడ్యూల్, వైఫైకి దాని మాడ్యూల్, అవసరం వచ్చినప్పుడు ఎక్కుతాయి, దిగుతాయి. ఇది కట్టడంలో విభజన. కానీ ఎక్కిన ప్రతి మాడ్యూల్ చేతిలోనూ పూర్తి గుత్తి ఉంటుంది. గదులు వేరు కట్టి, అందరికీ అన్ని తాళాలూ ఇచ్చినట్టు. అధికారంలో విభజన కావాలంటే మాడ్యూల్‌ను కెర్నెల్ బయట కూర్చోబెట్టాలి. అక్కడ అది పడిపోతే దాన్నొక్కదాన్నే తిరిగి లేపవచ్చు.

మరి అందరూ అట్లాగే ఎందుకు చేయరు? ఖర్చుంది. ప్రతి పనికీ గడప దాటాలి, అడగాలి, జవాబు కోసం ఆగాలి. పాత ప్రాసెసర్లలో ఈ ఆలస్యం భరించలేనంతగా ఉండేది. ఇప్పుడు తగ్గింది. 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఎస్‌ఈఎల్4 అనే చిన్న కెర్నెల్ గురించి ఒక గొప్ప పని చేశారు. దాంట్లో సీ భాషలో 8,700 వరుసలే ఉన్నాయి. అది తన నిర్వచనం ప్రకారమే నడుస్తుందని, జామెట్రీలో సిద్ధాంతం నిరూపించినట్టు, మెట్టు మెట్టుగా గణిత నిరూపణ ఇచ్చారు. నాలుగు కోట్ల వరుసలకు అట్లా నిరూపణ రాయడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. చిన్నదిగా ఉంటేనే పూర్తిగా చూడగలం, పూర్తిగా చూస్తేనే పూర్తిగా నమ్మగలం. శంషాబాద్ ఉదయం తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా, వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్లు కెర్నెల్ బయటి నుంచే పనిచేసే దారి కడతామని ఆ ఏడాది నవంబరులోనే ప్రకటించింది. ముప్ఫై ఏళ్ళ కిందటి ప్రొఫెసరుగారి పాఠం ఈ రకంగా మళ్ళీ సిలబస్‌లోకి వచ్చింది.

ఇక నమ్మకం సంగతి. దీన్ని సార్లకు చెప్పడం తేలిక, ఎందుకంటే మీరు ఏటా చేసే పనే. పదో తరగతి పరీక్ష ప్రశ్నపత్రాలు ఎట్లా వస్తాయి? సీలు వేసిన కట్టలు పోలీసు స్టేషనులో ఉంటాయి. తెచ్చేటప్పుడు సంతకం, అందుకున్నప్పుడు సంతకం. తెరిచే ముందు సీలు చెదరలేదని సాక్షులు చూసి సంతకం పెడతారు. గదిలో ఇన్విజిలేటర్ తెరిచేలోపు ఆ కాగితం ఎన్ని చేతులు మారినా, ప్రతి చెయ్యీ ముందరి చేతిని పరీక్షించింది. కంప్యూటర్ ఆన్ చేయగానే జరగవలసింది అదే. మదర్‌బోర్డులోని మొదటి ప్రోగ్రాము, రెండో ప్రోగ్రాము సంతకం చూస్తుంది. అది కెర్నెల్ సంతకం చూస్తుంది. కెర్నెల్ తాను ఎక్కించుకొనే డ్రైవర్ల సంతకం చూస్తుంది. ఎక్కడ సీలు చెదిరినా అక్కడే ఆగిపోతుంది. దీన్నే సెక్యూర్ బూట్ అంటారు.

దీనికి తోడు ఉండేది టీపీఎం. మదర్‌బోర్డు మీద చిన్న చిప్పుగానో, ప్రాసెసరు లోపలే ఒక భాగంగానో ఉంటుంది. 1999లో కంప్యూటర్ కంపెనీలు కలిసి దీని పని మొదలుపెట్టాయి. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2.0 రకం, దాని వివరణ 2014లో వచ్చింది. టీపీఎం ఎవరినీ ఆపదు. రిజిస్టరు రాస్తుంది, అంతే. ప్రతి ప్రోగ్రాముకూ హాష్ అనే ఒక వేలిముద్ర లెక్క కడతారు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారినా ఆ లెక్క మొత్తం మారిపోతుంది. మిషన్ లేచేటప్పుడు ఒక్కో మెట్టు వేలిముద్రా టీపీఎంలో చేరుతుంది. అక్కడ పాతది చెరిపి కొత్తది రాయడం కుదరదు. పాతదానితో కొత్తది కలిపి మళ్ళీ హాష్ కట్టి ఉంచుతారు. క్యాష్ పుస్తకంలో ముందు పేజీ మొత్తాన్ని తర్వాతి పేజీకి తెచ్చి కలిపినట్టు. మధ్యలో ఒక పద్దు మార్చితే చివరి మొత్తం కుదరదు. ఆ మొత్తం సరిపోతేనే డిస్కును తెరిచే తాళం ఇస్తుంది. ల్యాప్‌టాప్ దొంగిలించి డిస్కు ఊడదీసి వేరే మిషన్‌లో పెట్టినా తెరుచుకోనిది అందుకే.

అయితే ఈ గొలుసులో మొదటి కొక్కెం దేనికి తగిలించారు? దాన్ని ఎవరు పరీక్షించారు? ఈ ప్రశ్న పాతదే. యూనిక్స్ రాసిన కెన్ థాంప్సన్ 1983లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ, ప్రోగ్రాములను తయారుచేసే కంపైలర్‌లోనే దొంగదారి దాచవచ్చని, మూల ప్రోగ్రాము మొత్తం చదివినా అది కనపడదని చేసి చూపించాడు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొంగదారి బయటపడింది. లైనక్స్ మిషన్లన్నిటిలో ఫైళ్ళను కుదించడానికి వాడేది అది. సహాయకుడిగా చేరి, ఏళ్ళ తరబడి నమ్మకం సంపాదించుకున్న వ్యక్తి పేరు మీదే ఆ మార్పు వచ్చింది. పట్టుకున్నది ఏ చిప్పూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందే అని అనుమానపడి తవ్వాడు. పిల్లలూ, అర సెకను! లెక్కల్లో చిన్న తేడా వస్తే పోనీలే అనకండి.

ఇదంతా పట్నాల సంగతి అనుకోకండి. మన ఊళ్ళో అందరికన్నా ముందు ఈ నమ్మకం యంత్రం చూసింది రేషన్ షాపులో. మన రాష్ట్రంలో 2015 నుంచి ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితేనే బియ్యం. దానివల్ల లాభం ఉంది, కాదనను. సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకు పోయిన కుటుంబం అక్కడే రేషన్ తీసుకోగలిగేది ఈ ఏర్పాటు వల్లే. కానీ మా పెద్దమ్మను ఒకసారి నేనే తీసుకుపోయాను. జీవితమంతా పత్తి తీసిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. ఒక వేలు పెట్టింది, కాదంది. ఇంకో వేలు, కాదంది. చీర కొంగుతో తుడుచుకొని మళ్ళీ పెట్టింది. డీలరు నలభై ఏళ్ళుగా ఆమెను ఎరుగుదును, ఏం చేయను అన్నాడు. చివరికి వీఆర్వో వచ్చి తన వేలు పెడితే పని జరిగింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె నాతో అన్నది, "నేను నేనే అని ఇంకొకరు చెప్పాల్సి వచ్చెనే నాయనా" అని.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల దుకాణదారు, భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు సేకరించి, రబ్బరు ముద్రలుగా చేసి, వాటితో వేల సిమ్‌లు ఆన్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. అసలు మనిషి వేలు కాదన్న యంత్రం, రబ్బరు వేలును అవునంది. ఆధార్ సంస్థ తర్వాత రెండు పనులు చేసింది. వేలిముద్ర మిషన్లను ఎల్1 రకానికి మార్చమంది. పాత రకంలో సంతకం, గుప్తీకరణ సాఫ్ట్‌వేర్‌లో జరిగేవి. ఎల్1లో మిషన్ లోపలి భద్రమైన చిన్న గదిలోనే జరుగుతాయి, బయటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముద్ర కనపడదు. ఇది మనం చెప్పుకున్న విభజనే. కానీ ఎంత భద్రమైన గదైనా, లోపలికి వచ్చేది రబ్బరు వేలైతే దాన్నే భద్రంగా పంపుతుంది. అందుకని 2023లో, పెట్టింది బతికున్న మనిషి వేలా కాదా అని చూసే పరీక్ష కూడా చేర్చారు. తాళం గట్టిదా అన్నది ఒక ప్రశ్న. తలుపు ముందు నిలబడ్డది ఎవరన్నది ఇంకో ప్రశ్న. హక్కుదారుకు తాళం పడకపోతే ఏం చేయాలన్నది మూడో ప్రశ్న. ఇంజనీర్లం మొదటిదాని మీదే ఎక్కువ పని చేశాం. మూడోదానికి జవాబు వీఆర్వో ఇచ్చాడు.

ఇప్పుడు సారు అడిగిన ప్రశ్న. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 తప్పనిసరి, ప్రాసెసరు కూడా సుమారు 2018 తర్వాతిదై ఉండాలి. విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కంపెనీ చెప్పే కారణం అబద్ధం కాదు, టీపీఎం ఉన్న మిషన్ నిజంగానే భద్రం. కానీ నమ్మకం అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. యజమాని యంత్రాన్ని నమ్మడం ఒకటి. యజమానిని కాదని కంపెనీ యంత్రాన్ని నమ్మడం రెండోది. ఈ రెండోదాన్నే రిచర్డ్ స్టాల్‌మన్ ఇరవై ఏళ్ళ కిందట ట్రెచరస్ కంప్యూటింగ్, అంటే నమ్మకద్రోహ కంప్యూటింగ్ అని ఎద్దేవా చేశాడు. నేను అంత మాట అనను. చిప్పు కత్తి లాంటిది, తాళం ఎవరిదన్నదే అసలు విషయం.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. పదేళ్ళ కిందట నేనూ, నా స్నేహితులూ కలిసి ఒక పల్లె బడికి పన్నెండు కంప్యూటర్లు ఇచ్చాం. ఈ బడి కాదు, వేరే చోట. పిల్లలు చెడగొడతారేమో అని నేనే అన్నిటికీ గట్టి పాస్‌వర్డ్‌లు పెట్టాను. బయోస్‌కు ఒకటి, అడ్మిన్‌కు ఒకటి. భద్రతలో నిపుణుణ్ణి కదా! ఒక సారుకు నా ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాను. ఆయన బదిలీ అయిపోయారు. నా నంబరు మారింది. ఏడాది తర్వాత అటు పోతూ చూద్దామని దిగాను. పన్నెండు మిషన్ల మీదా గుడ్డ కప్పి ఉంది. ప్రింటరు ఎక్కించుకోవడానికి కూడా పాస్‌వర్డ్ కావాలి. కొన్ని అప్‌డేట్ మధ్యలో ఆగి నిలబడిపోయాయి. తెరల మీది దుమ్ములో పిల్లలు వేళ్ళతో పేర్లు రాసుకున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను అడిగింది, "సార్, ఇవి మీవా, మావా?" అని.

నేను జవాబు చెప్పలేకపోయాను. దానం చేశాను అనుకున్నాను. ఇచ్చింది పెట్టెలు మాత్రమే. గుత్తి నా జేబులోనే పెట్టుకొని బెంగళూరు పోయాను. వాగు అవతల చిక్కుకున్న అటెండరుకు రావడానికి దారి లేదు. నాకు దారి ఉండీ రాలేదు.

కాబట్టి సంఘానికి నా విన్నపాలు ఇవి. ఒకటి, పనిచేసే పాత మిషన్లను పారేయొద్దు. అడ్డదారిన విండోస్ 11 ఎక్కించవచ్చు గానీ, సవరణలు వస్తాయన్న హామీ ఉండదు. దానికన్నా తేలికపాటి లైనక్స్ వేద్దాం. సెక్యూర్ బూట్ ఉన్న మిషన్లలో కూడా ఉబుంటు, డెబియన్ వంటివి సంతకంతోనే లేస్తాయి. తెలుగు టైపింగ్, లిబ్రాఫీసు, లెక్కలకు జియోజెబ్రా అన్నీ వాటిలో నడుస్తాయి. సవరణలూ ఉచితంగా వస్తాయి. ముందుగా పెన్‌డ్రైవ్‌తో ఒక మిషన్‌లో నడిపి చూసి, సార్లకు నచ్చితేనే మిగతావాటిలో వేద్దాం. రెండు, మార్కులు, జీతాలు, ఆధార్ వంటి ఆఫీసు పనులకు టీపీఎం ఉన్న కొత్త మిషన్లు ఒకటో రెండో కొందాం. ఆఫీసు పని, పిల్లల పని ఒకే మిషన్‌లో కలపొద్దు. పిల్లల లాగిన్ వేరు, అడ్మిన్ లాగిన్ వేరు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పాస్‌వర్డ్‌లు, డిస్కు తెరిచే రికవరీ తాళాలు కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు వేసి, ఇద్దరు సార్ల సంతకాలతో హెడ్మాస్టరుగారి బీరువాలో ఉంచాలి. ఆ రికవరీ తాళం లేకపోతే మదర్‌బోర్డు పాడైన రోజు టీపీఎం మన డిస్కును మనకే ఇవ్వదు. శంషాబాద్ నాటి గొడవలో కూడా ఆ తాళాలు వెతుక్కోవడానికే చాలామందికి గంటలు పట్టింది. సారు బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగింత జాబితాలో బల్లలు, బీరువాలతో పాటు ఈ కవరు కూడా ఒక వస్తువుగా రాయాలి. దాతల దగ్గర, నాలాంటి ఇంజనీర్ల దగ్గర ఒక్క తాళమూ ఉండకూడదు. మేము పిలిస్తే వచ్చి రిపేరు చేసి పోయేవాళ్ళం, అంతే. నా పేరు ఆ జాబితాలో రాసుకోండి. ఈసారి నంబరు మారితే నేనే వచ్చి చెబుతాను.

ఇక పిల్లలూ, మీకొక్క మాట. ఆ మిషన్లు చెడిపోతాయేమో అని భయపడకండి. మీ లాగిన్‌లో మీరేం చేసినా మిగతావి పడిపోకుండా ఉండేటట్టు కట్టడం మా పని. తెరిచి చూడండి, అడగండి. అర సెకను తేడా వస్తే ఎందుకని అడగండి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మీలో ఎవరైనా మళ్ళీ నన్ను అడిగే అవసరం రాకూడదు. అయినా అడిగితే, ఈసారి జవాబు చెప్పగలగాలి. అవి మీవి, తాళాలు మీ బీరువాలోనే ఉన్నాయి, పోయి తెరుచుకోండి అని.